విడవని పథ్యం

మా వంటింటి గోడకి ఒక చీటీ ఉండేది. బడిలో పిల్లల నోటుపుస్తకాలు దిద్దే ఎర్రసిరాతో, గుండ్రటి అక్షరాలతో నేనే రాసి, అన్నం మెతుకులు మెదిపి గోడకి అంటించాను. పైన 'అత్తయ్య తినకూడనివి' అని రాసి, కింద గీత కొట్టాను. మొదట ఆ గీత కింద ఐదో ఆరో పేర్లుండేవి. రెండేళ్ళు తిరక్కుండానే కాయితం చాలక ఇంకో ముక్క అతికించాల్సి వచ్చింది.

ఇప్పుడు నా వయసు అప్పటి మా అత్తగారి వయసు దాటిపోయింది. అయినా ఆ చీటీ మీది పేర్లన్నీ ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. గాదెలో జొన్నలున్నాయి, పాకలో పాడిగేదె ఉంది, ఇంట్లో ఇద్దరు జీతగాళ్ళం ఉన్నాం. అలాంటి ఇంట్లో ఒక మనిషిని ఆకలితో మాడ్చింది ఆ చీటీయే. చీటీ అంటే నేనే. ఇందులో వైద్యుడూ ఉన్నాడు, డాక్టరూ ఉన్నాడు, కాంపౌండరూ ఉన్నాడు. కానీ కంచం పెట్టిన చెయ్యి నాది. తప్పు ఇంకొకరి మీదికి తోసే వయసు కాదిది.

నందిగామకి రెండు మైళ్ళ అవతల ఉన్న ఊళ్ళో నేనూ, మా ఆయనా ఎలిమెంటరీ స్కూలు టీచర్లం. సాగర్ కాలువ ఇంకా తవ్వుతున్న రోజులు. అన్నీ మెరక పొలాలు. జొన్న, మిరప, పత్తి. మా అత్తగారిది కీసర. మామగారు చిన్నవయసులోనే పోతే, ఉన్న రెండెకరాల్లో తనే కూలీలతో కలిసి వంగి మిరపకాయలు కోసి కొడుకుని టీచర్ ట్రైనింగ్ దాకా చదివించింది. ఉద్యోగం వచ్చాక మా దగ్గరే ఉండేది. ఆదివారం గుడికి వచ్చినప్పుడు ముందు వరసలో కూర్చుని గొంతెత్తి పాడేది. ఆమె గొంతు ముందు పాస్టరయ్యగారి గొంతు వినపడేది కాదు.

నేను జగ్గయ్యపేట పట్నం పిల్లని. కాపరానికి వచ్చిన కొత్తలో ఆమె తిండి చూసి నోరు వెళ్ళబెట్టాను. పెద్ద కంచం నిండా జొన్నన్నం, మధ్యలో గుంట చేసి పప్పో గోంగూరో, పక్కన ముద్దంత కొరివికారం. పండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు కలిపి తొక్కిన ఆ పచ్చడి ఆవిడ చేతిదంటే ఊరంతా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. చివర్లో గడ్డపెరుగు. అంతా అయ్యాక చెయ్యి నాక్కుని, "అమ్మయ్య, పానం లేచొచ్చింది" అనేది. ఆడమనిషి అంత తినడం మా ఇంట్లో చూడలేదు నేను. పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అమ్మకి చెప్పి నవ్వాను కూడా. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక ఏడు మిరపకోతలయ్యాక ఆమెకి మోకాళ్ళు పట్టేశాయి. పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకునేది. మా జగ్గయ్యపేటలో పేరున్న వైద్యుడు ఉన్నాడని నేనే పట్టుబట్టి తీసుకెళ్ళాను. తెల్లటి గడ్డం, చల్లని చెయ్యి. కళ్ళు మూసుకుని చాలాసేపు నాడి చూశాడు. వాతం అన్నాడు. తేనెలో రంగరించుకోమని పొట్లాలిచ్చాడు. "పెరుగు, వంకాయ, గోంగూర, కందిపప్పు, దుంపలు ముట్టకూడదమ్మా. నలభై రోజులయ్యాక తీసుకురా, విడిపిస్తా" అన్నాడు.

మా వైపు పథ్యమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. మందిచ్చినాయనే పథ్యం పెడతాడు, ఆయనే విడిపిస్తాడు. రోగి వెళ్ళి ఆయన ముందు కూర్చుంటే, నాడి చూసి 'రేపటినుంచి పెరుగు పోసుకో' అంటాడు. అప్పుడు పోసుకోవాలి. సొంతంగా విడిచేస్తే మందు వికటిస్తుందని, రోగం రెట్టింపై తిరగబెడుతుందని పెద్దా చిన్నా అందరికీ నమ్మకం. బడిలో ఆరోగ్యశాస్త్రం పాఠం చెప్పే నాకూ అదే నమ్మకం. ఇంటికి రాగానే చీటీ రాసి గోడకి అంటించాను.

నలభై రోజులకి నొప్పులు తగ్గినట్టే తగ్గాయి. కానీ అప్పుడే బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చిపడింది. తర్వాత పరీక్షలు. తర్వాత ఎండలు. విడిపించుకు రావడానికి పేట వెళ్ళడం వెనక్కి వెనక్కి పోయింది. "ఎట్టాగూ నొప్పి తగ్గింది గందా, ఇంకొన్నాళ్ళు ఉండనీ అమ్మాయ్" అని ఆమే అంది. నేనూ సరేనన్నాను. ఆ వేసవిలోనే ఆమె పెళ్ళి ఉంగరం వేలికి వదులైంది. కిందివైపు తెల్లదారం చుట్టి బిగించి ఇచ్చాను. నీటుగా చుట్టానని మెచ్చుకుంది.

వానాకాలంలో ఒకరోజు తల తిరిగిందంటే నందిగామలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన దగ్గర కొత్తగా చేతికి పట్టీ చుట్టి గాలికొట్టే మిషను ఉండేది. పట్టీ విప్పి, రక్తపు పోటు అన్నాడు. మాత్రలు రాసి, "ఉప్పు పూర్తిగా మానెయ్యాలి. పచ్చళ్ళ జోలికి పోవద్దు" అన్నాడు. ఇంకా బయట బెంచీ నిండా జనం. ఆమె ఇప్పటికే ఏమేం మానేసిందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. డాక్టరుతో పసరుమందుల ఊసెత్తితే కోప్పడతారని భయం నాకు.

"ఉప్పు లేకుండా మడిసి ఎట్టా తింటాడే?" అంది బస్సులో.

"అలవాటైపోతుంది అత్తయ్యా" అన్నాను.

అలవాటు కాలేదు. ఉప్పులేని బీరకాయ కూర నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, మింగలేక నీళ్ళు తాగేది. కంచం చిన్నదైంది. మా ఇంట్లో కంచాల ముందు కూర్చోగానే ప్రార్థన చేసేది ఆవిడే. "ప్రభువా, నువ్విచ్చిన ఈ ఆహారాన్ని దీవించు" అని కళ్ళు తెరిచి, ఆ చప్పిడి మెతుకుల వంక చూసి, ఒక్కక్షణం ఆగి చెయ్యి పెట్టేది. ఆ ఒక్కక్షణం నేను చూడనట్టు ఊరుకునేదాన్ని.

సంక్రాంతి సెలవులు అయిపోయేసరికి నీరసం మొదలైంది. గాబు దగ్గర నీళ్ళు ముంచుకుంటూ పడిపోయింది. నీరసానికి డాక్టరు టానిక్కూ, బలం ఇంజెక్షన్లూ రాశాడు. ఇంజెక్షన్లు పొడవడానికి వీరులపాడు వైపు నుంచి ఒక కాంపౌండరు వారానికి రెండుసార్లు సైకిలు మీద వచ్చేవాడు. మంచివాడే. నవ్వు మొహం. సూది ఉడకబెట్టుకుంటూ ఆమెతో కబుర్లాడేవాడు. కొన్నాళ్ళకి ఆమె పాదాలు పొంగాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. అతను చూసి, "నీరు పట్టిందండీ" అన్నాడు. నీరు లాగే మాత్రలు తెచ్చాడు. మంచినీళ్ళు తగ్గించమన్నాడు. గుడ్డూ, మాంసం ఒంటికి వేడి చేస్తాయి, ఈ స్థితిలో వద్దన్నాడు. ఇంకోసారి గాజుగొట్టంలో నీలంమందు పోసి, ఆమె మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచి చూపించాడు. నీలం కాస్తా పచ్చగా తిరిగింది.

"చక్కెర మొదలయ్యేట్టుందండీ. అన్నం, బెల్లం ఆపెయ్యండి. గోధుమ రొట్టె పెట్టండి" అన్నాడు.

నోట్లో మిగిలింది నాలుగు పళ్ళు. రొట్టె ఎలా నములుతుంది? గోధుమపిండి కాచి జావ పోశాను. ఉప్పులేదు, బెల్లంలేదు, మజ్జిగలేదు. ఆ రోజే చీటీకి రెండో ముక్క అతికించాను. ఉంగరానికి అప్పటికి మూడోసారి దారం చుట్టాను. దారం లావెక్కి ఉంగరం లోపల వేలికి చోటు లేనంతైంది, అయినా వేలు దూరిపోయేది. చుట్టిన నేను ఆ వేలు చూడలేదు. కళ్ళుండి గుడ్డిదాన్నయ్యాను.

అబ్బో, నా శ్రద్ధ మాత్రం చూసి తీరాల్సిందే! మందులన్నీ పొయ్యి పక్క గూట్లో వరసగా పేర్చాను. ఉదయం నాలుగు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం మూడు. టానిక్కుకి గీతలున్న గాజు గ్లాసు. గీత మీదికి ఒక్క చుక్క ఎక్కనిచ్చేదాన్ని కాదు. బడి నుంచి మధ్యాహ్నం గంటకి పరుగున వచ్చి మింగించి మళ్ళీ పరుగున పోయేదాన్ని. గుళ్ళో అయ్యగారు అందరి ముందూ "ఇలాంటి కోడలు ఎంతమందికి దొరుకుతుంది" అన్నారు. నేను తలవంచుకున్నాను. లోపల మాత్రం ఒక అడుగు పైకి లేచాను.

పక్కింట్లో మిరపతోటలవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ ఇంటావిడకి మా అత్తగారంటే ప్రాణం. పిన్నీ పిన్నీ అంటూ గోడ మీంచి మాట్లాడుతూనే ఉండేది. నోరు పెద్దది. నాకు ఆవిడంటే మొదట్నుంచీ పడదు. ఒకరోజు బావి దగ్గర నలుగురిలో నన్నాపి, "ఏం టీచరమ్మా, మీ అత్తకి అన్నం పెడతన్నావా, మాత్రలు పెడతన్నావా? తినే మెతుకులకంటే మింగే మాత్రలే ఎక్కువున్నాయే!" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "డాక్టర్లు చెప్పింది చేస్తున్నా. మీకు తెలిస్తే మీరే వైద్యం చెయ్యండి" అన్నాను.

"నాకు వైద్యం రాదులే. ఆకలి మొహం మటుకు గుర్తుపడతా" అంది ఆవిడ.

బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. ఆ రోజునుంచి ఆవిడతో మాటలు మానేశాను. మా ఆయనతో చెప్తే, "అమ్మకి తగ్గినట్టే ఉందే, నువ్వు చూసుకుంటున్నావుగా" అన్నాడు. ఈయన ఎప్పుడూ అంతే. నా మీద వదిలేశాక ఇంక తల తిప్పి చూడడు.

తర్వాతి నెలలో జరిగింది చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని ఎన్నిసార్లో అనుకున్నాను. ఆ రోజు ఎవరో పెద్దాయన పోయాడని బడి ముందే వదిలేశారు. ఇంటికొస్తే వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టాను. మా అత్తగారు వంటింట్లో నేల మీద, గోడకేసి కూర్చుని ఉంది. ఒళ్ళో మా మధ్యాహ్నం కూడులో మిగిలిన జొన్నన్నం గిన్నె. పక్కన కొరివికారం జాడీ మూత తీసి ఉంది. చేతిలో ఎర్రగా కలిపిన ముద్ద. నన్ను చూసి ముద్దని గుప్పెట్లో దాచేసుకుంది. బడిలో పలకపుల్ల దొంగిలించిన పిల్ల దాచినట్టే దాచింది. అరవై దాటిన మనిషి!

నేను దగ్గరికెళ్ళి ఆ గుప్పిట పట్టుకుని, ఒక్కొక్క వేలూ విడదీశాను. ముద్ద తీసి గిన్నెలో పడేశాను. చెంబుతో నీళ్ళు పోసి ఆ చెయ్యి కడిగాను.

"సిగ్గులేదా అత్తయ్యా? మీ కోసం నేను చస్తున్నా ఇక్కడ! ఇంత చేసి పథ్యం చెడగొట్టుకుంటారా? పోతే నన్నే కదా అంటారు అందరూ!" అని అరిచాను.

"తప్పయింది అమ్మాయ్. ఇంక తినను. అరవమాకే, పక్కన వింటారు" అంది. ఆమె పెదవి చివర కారం అంటుకుని ఉంది. చెంగుతో తుడుచుకుంది.

నేను ఆ జాడీ తీసుకెళ్ళి అటక మీద పెట్టి, నిచ్చెన తీసేశాను. అప్పుడు నాకు ఏ పాపం చేశాననీ అనిపించలేదు. పైగా, సమయానికి వచ్చాను కాబట్టి సరిపోయింది అనుకున్నాను.

ఆ తర్వాత ఆమె ఇంకేమీ అడగలేదు. ఒక్కటి తప్ప. దసరా సెలవుల్లో నేను పుట్టింటికి బయల్దేరుతుంటే, అరుగు మీద కూర్చున్నది కొంగు పట్టుకుని ఆపింది. "అమ్మాయ్, పేటకే పోతన్నావుగా. ఆ వైదుడి దగ్గరికెళ్ళి పెరుగొక్కటి ఇడిపించుకు రావే. ఇంకేమొద్దు నాకు. పెరుగొక్కటే" అంది. సరేనని మాటిచ్చాను.

మాట నిలబెట్టుకున్నాను కూడా. పేటలో బస్సు దిగి నేరుగా ఆ వైద్యుడి ఇంటికే వెళ్ళాను. రోగులు కూర్చునే బల్ల మీద బట్టల తానులు పేర్చి ఉన్నాయి. ఆయన కొడుకు బయటికొచ్చి, నాన్నగారు పోయి ఎనిమిది నెలలైందండీ అన్నాడు. అతను బట్టల వ్యాపారం చేస్తున్నాడు. నేను వచ్చిన పని చెప్పాను. ఆ అబ్బాయి ఇబ్బందిగా నిలబడ్డాడు.

"నాన్నగారు పెట్టిన పథ్యం నేనెట్టా విడిపిస్తానండీ? నాకు నాడి తెలియదు. ఏదైనా అయితే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. అడగమాకండి" అన్నాడు.

ఇది విన్నవాళ్ళు ఇప్పుడు నవ్వుతారు. నవ్వండి. అప్పుడు నాకు మాత్రం అది నవ్వే సంగతి కాదు. విడిపించాల్సిన మనిషే మట్టిలో కలిసిపోయాడు. మరి ఇంకెవరిని అడగాలి? నందిగామ డాక్టరుని అడిగితే, అది నేను పెట్టింది కాదుగా అంటాడు. కాంపౌండరుని అడిగితే, డాక్టరుగారిని అడగండి అంటాడు. మూడు రోజులు పుట్టింట్లో ఉన్నా ముద్ద దిగలేదు. దిగకపోయినా ఎదురుగా ఉన్నది నెయ్యీ, పప్పూ, పెరుగూను.

తిరిగొచ్చేసరికి ఆమె అరుగు మీదే ఉంది. మూడు రోజుల్నుంచీ అక్కడే కూర్చుని బస్సు వచ్చే రోడ్డు చూస్తోందట.

"ఏమన్నాడే?"

"ఆయన లేడత్తయ్యా. పోయాడట."

ఆమె తన కాళ్ళ వంక చూసుకుంది. "అయితే ఇంక నాకు పెరుగు లేనట్టే" అంది.

అప్పుడు ఉట్టి మీద కుండ నిండా పెరుగుంది. ఉదయం ఈయన తోడేసింది. చెయ్యి చాస్తే అందేది. నేను కాళ్ళు కడుక్కుని, గీతల గ్లాసు తీసి, సాయంత్రం టానిక్కు పోశాను.

అక్కణ్ణించి అంతా వేగంగా జరిగింది. ఆమె ఆకలనడం మానేసింది. మందు పట్టిందనుకున్నాను. గుడికి రావడం మానేసింది. మంచం దిగడం మానేసింది. ఆమె పడుకుంటే మంచం నులక కిందికి వంగేది కాదు. పట్టపగలు దూలం వంక చూస్తూ ఎవరితోనో మిరపకోతల సంగతులు మాట్లాడేది. కూలీలకి సద్ది పంపారా అని అడిగేది. నన్ను ఒకసారి వాళ్ళక్క పేరుతో, ఇంకోసారి పక్కింటావిడ పేరుతో పిలిచేది. కాంపౌండరుకి చెప్తే, మతి తప్పుతోందండీ, నిద్రకి మాత్ర వేద్దాం అన్నాడు. గూట్లో ఇంకో సీసా చేరింది.

ఒక ఉదయం పక్క దులుపుతుంటే ఉంగరం దారంతో సహా నేలమీద పడింది. తీసి ఆమె వేలికి తొడిగాను. జారింది. నడిమివేలికి పెట్టాను. జారింది. బొటనవేలికి పెట్టి, చెయ్యి కిందికి వదిలాను. అదీ జారి నా ఒళ్ళో పడింది. అప్పుడు చూశాను ఆ చేతిని. ఏడాది పైగా రోజుకి మూడుసార్లు ఆ చేతిలో మాత్రలు పోస్తున్నాను, అప్పుడు చూశాను. ఎముక, దాని మీద తోలు. ఉంగరం కొంగున కట్టుకున్నాను. లేచి ఈయన్ని పిలవడానికి వెళ్ళాను.

నందిగామ డాక్టరు ఊళ్ళో లేడు. పేటలో ఒక ముసలి డాక్టరు ఉన్నాడని, సర్కారు ఉద్యోగం విరమించి వచ్చాడని మా అన్నయ్య ఎప్పుడో చెప్పాడు. గూట్లో మందులన్నీ సంచిలో వేశాను. గోడమీద చీటీ చింపకుండా ఊడబీకి తీసుకున్నాను. ఈయన వాళ్ళమ్మని చేతుల మీద ఎత్తుకోవడానికి బాగా బలం పట్టి వంగాడు. అంత బలం అక్కర్లేకపోయేసరికి వెనక్కి తూలాడు. ఆయన మొహం పాలిపోయింది. బస్సులో పేట చేరేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ డాక్టరు ఆమెని బల్లమీద పడుకోబెట్టి చాలాసేపు చూశాడు. కళ్ళ రెప్పలు, నాలుక, పాదాలు. సంచిలో మందులు ఒక పళ్ళెంలో బోర్లించి ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. తర్వాత నన్ను కూర్చోమన్నాడు.

"నిన్న ఏం తింది?"

నేను వెంటనే చీటీ తీసి, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాను. "పెరుగు, వంకాయ, గోంగూర, పప్పు, దుంపలు లేవండి. ఉప్పు లేదండి. అన్నం, బెల్లం లేవండి. గుడ్డు, మాంసం..."

"తిననివి కాదమ్మా. తిన్నది చెప్పు."

నేను మళ్ళీ చీటీలోకే చూశాను. ఆయన ఆ చీటీ నా చేతిలోంచి తీసుకుని, వెనక్కి తిప్పి, కలం ఇచ్చాడు. "టీచరువట కదా. ఈ వైపు తిన్నవి రాయి" అన్నాడు. నేను 'జావ' అని రాశాను. తర్వాత చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. రాయడానికి ఇంకేమీ లేదు.

ఆయన అరవలేదు. అరిచినా బావుండేది. "నీరసం వచ్చింది మందులెక్కువై, తిండి తక్కువై. తల తిరగడం ఉప్పు లేక, నీరు లాగే మాత్రల వల్ల. కాళ్ళ వాపు నీరుజబ్బు కాదు, తిండి లేకే. దానికి మళ్ళీ మందు. ఆ చక్కెర కూడా నాకు నమ్మకం లేదు. ఎవరికి వాళ్ళు ఒక్కోటి పెట్టుకుంటూ పోయారు, తీసేవాడు లేడు" అన్నాడు. పళ్ళెంలోంచి ఒక్క సీసా తీసి పక్కన పెట్టి, మిగతావి బల్ల కిందికి తోసేశాడు. "ఉప్పేసి, పెరుగేసి, ఆమె ఏదడిగితే అది పెట్టు. ఒక్కసారిగా పెట్టకు, పేగులు ఎండిపోయి ఉన్నాయి. గంటగంటకీ కొంచెం కొంచెం."

అప్పుడు నేనన్న మాట వింటే మీరు నన్ను మనిషి కింద లెక్కకట్టరు. "పెరుగు పథ్యం పెట్టినాయన చచ్చిపోయాడండీ, మరి ఎలా?" అన్నాను.

ఆయన నా చేతిలోంచి కలం తీసుకున్నాడు. "సరే. నేను విడిపిస్తున్నా. ఏమన్నా అయితే నామీద వెయ్యి" అన్నాడు. గుమ్మం దాకా వచ్చి, ఈయనకి వినపడకుండా, "ఆలస్యమైందమ్మా. తేరుకుంటుందో లేదో చెప్పలేను" అన్నాడు.

బడికి జీతనష్టం మీద సెలవు పెట్టేశాను. మొదటి రెండు రోజులు చెంచాతో మజ్జిగ, ఉప్పు వేసిన గంజి. నోరు తెరిచేది కాదు. పెదవుల మీంచి కారిపోయేది. బుగ్గలు పట్టుకుని బతిమాలితే తల తిప్పేసి, "వద్దు, పథ్యం చెడుద్ది" అనేది. తెలివి ఎక్కడికి పోయినా ఆ ఒక్క మాట పోలేదు. దాన్ని నేనంత గట్టిగా నేర్పాను మరి.

మూడోరోజు మధ్యాహ్నం "కొరివికారం" అంది. స్పష్టంగా అంది. నేను నిచ్చెన వేసి అటకెక్కాను. జాడీ మూత తీస్తే పైనంతా బూజు పట్టి, నల్లగా ఎండిపోయి ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చాను. తర్వాత దిగి, మొహం కడుక్కోకుండానే పక్కింటికి వెళ్ళాను. ఆరేడు నెలలుగా మాటల్లేని గుమ్మం. ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది.

"మా అత్తయ్యకి కొరివికారం కావాలండీ. మా జాడీ పాడైపోయింది. మీరు ఆ రోజు అన్నది నిజం" అన్నాను.

ఎన్ని మాటలంటుందో, అననీ, పడతాను అనుకునే వెళ్ళాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు. గిన్నెలో పచ్చడి పెట్టి, పైన వెన్న ముద్ద వేసి, నా చేతిలో పెట్టింది. తలుపు చాటుకి వెళ్ళి ముక్కు చీదుకుంది.

జొన్నన్నం మెత్తగా మెదిపి, ఆవగింజంత కారం, చాలా వెన్న వేసి కలిపాను. ఆమెని గోడకి ఆనించి కూర్చోబెట్టి, గోరుముద్ద నోటికి అందించాను. వాసన తగలగానే కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది. నాలుకతో చాలాసేపు చప్పరించి, మింగింది. మళ్ళీ తెరిచింది. నాలుగు ముద్దలు తింది. ఐదోది పెడుతుండగా బడిలో సాయంత్రం పొడుగు గంట మోగింది.

ఆమె ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని నా మొహంలోకి చూసింది. ఎవరనుకుందో ఏమో, గొంతు తగ్గించి, "బడి ఇడిసిపెట్టారే. నా కోడలొచ్చే యాళయింది. తలుపెయ్యి. చూస్తే ఊరుకోదు" అంది.

నేను చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేశాను.

"మంచిపిల్లేలే. చదువుకుంది. నా మంచికే చెప్పుద్ది" అంది మళ్ళీ. "కానీ ఆకలేస్తందే, ఏం చెయ్యను? నువ్వు చెప్పమాక."

"చెప్పను" అన్నాను. లేచి తలుపు వేసి వచ్చాను.

ఆ తర్వాత ఆమె నాలుగు నెలలు ఉంది. కాస్త ఒళ్ళు కూడా పట్టింది. పాదాల పొంగు తీసింది. చలికాలంలో రెండు ఆదివారాలు ఈయన ఎత్తుకెళ్ళి గుళ్ళో కూర్చోబెడితే సన్నగా పాడింది. కానీ పోయినదంతా తిరిగి రాలేదు. కొడుకుని గుర్తుపట్టింది. పక్కింటావిడని గుర్తుపట్టింది. నన్ను మాత్రం చివరిదాకా గుర్తుపట్టలేదు, నా చేత్తోనే తిన్నది. రోజూ బడిగంట మోగగానే ముద్ద నోట్లో ఉండగానే నా కొంగు లాగి, తలుపు వెయ్యమనేది. రోజూ నేనే లేచి వేసేదాన్ని.